నాస్‌కి వయసు రాయితీ వద్దు

అమెరికన్ ర్యాపర్ నాస్, బీట్లు (ర్యాప్ కింద నడిచే సంగీతం) కట్టే డీజే ప్రీమియర్ కలిసి చేసిన ‘లైట్ ఇయర్స్’ 2025 డిసెంబర్ 12న వచ్చింది. ఈ ఇద్దరూ కలిసి ఒక పూర్తి ఆల్బమ్ చేస్తారన్న మాట 2006లోనే ఒక అమెరికన్ పత్రిక ముఖచిత్రం మీదకి ఎక్కింది. అప్పటినుంచి ‘వస్తుంది, వచ్చేస్తోంది’ అంటూనే పంతొమ్మిదేళ్లు గడిచాయి. న్యూయార్క్ ఎప్పుడూ చూడకుండా విజయవాడలో కూర్చుని ఎదురుచూసిన వాళ్లలో నేనొకణ్ణి. అందుకే ఈ ఆల్బమ్ గురించి ఊరికే ‘బాగుంది’ అనో ‘బాలేదు’ అనో తేల్చేసి ఊరుకోలేకపోతున్నాను.

వచ్చాక ర్యాప్ వినే మిత్రుల దగ్గర రెండు మాటలు విన్నాను. మొదటిది: “యాభై రెండేళ్ల మనిషి. ఈ వయసులో ఈ మాత్రం రాయడమే గొప్ప.” రెండోది: “ఎన్ని చేసినా ఇంకో ‘ఇల్‌మాటిక్’ అవుతుందా?” ‘ఇల్‌మాటిక్’ 1994లో వచ్చిన నాస్ మొదటి ఆల్బమ్. రెండు మాటలూ నాస్‌ని ప్రేమించే వాళ్లు అన్నవే. నాకు మాత్రం రెండూ మింగుడుపడలేదు. మొదటి మాట గౌరవంలా వినిపిస్తుంది గానీ దాని అడుగున చిన్నచూపు ఉంది. ఇక ఇతని దగ్గర పెద్దగా ఆశించక్కర్లేదని ముందే ఒప్పేసుకోవడం అది. రెండో మాటలో అసలు వినే ఓపికే లేదు. తీర్పు 1994లోనే రాసేసి, ప్రతి కొత్త ఆల్బమ్ కిందా అదే సంతకం పెడుతున్నారు.

నాస్‌ని ఇరవయ్యేళ్ల వయసులో ఏ కొలతతో కొలిచామో ఇప్పుడూ దానితోనే కొలవాలంటాను. ఎంత వేగంగా చెప్పాడు, ఎన్ని ప్రాసలు పేర్చాడు అన్నవి ఆ కొలతలో చిన్న భాగాలు. కళ్ల ముందున్నదాన్ని ఎంత దగ్గరగా చూశాడు, ఆ వీధి ఎన్నడూ తొక్కని నాకు ఎంత చూపించగలిగాడు అన్నదే పెద్ద భాగం. ఆ కొలతతో చూస్తే ‘లైట్ ఇయర్స్’లో కొన్ని పాటలు నిలబడతాయి. చాలా పాటలు నిలబడవు. దానికి కారణం వయసు కాదన్నదే నా వాదన.

తెలియని వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. నాస్ అసలు పేరు నాసిర్ జోన్స్. 1973 సెప్టెంబర్‌లో పుట్టాడు. పెరిగింది న్యూయార్క్ నగరం క్వీన్స్ ప్రాంతంలోని క్వీన్స్‌బ్రిడ్జ్ ఇళ్లలో. 1939లో ప్రభుత్వం కట్టించిన 96 భవనాల సముదాయం అది. మూడు వేలకు పైగా ఇళ్లు. అమెరికాలో ఆ తరహా వాటిలో అన్నిటికన్నా పెద్దది. తండ్రి ఓలు దారా జాజ్ సంగీతకారుడు. నాస్ ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. 1992లో ఇల్ విల్ అని అందరూ పిలిచే చిన్ననాటి స్నేహితుణ్ణి ఎవరో కాల్చి చంపారు. ఈ జీవితంలోంచి వచ్చిందే హార్డ్‌కోర్ ర్యాప్ అని మనం పిలిచేది. వీధిలో జరిగేదాన్ని మెత్తబరచకుండా, భయాన్ని భయంగానే చెప్పే ర్యాప్. 1994 ఏప్రిల్ 19న ‘ఇల్‌మాటిక్’ వచ్చింది. పది ట్రాకులు, అందులో మొదటిది ఉపోద్ఘాతం, అంతా కలిపి దాదాపు 40 నిమిషాలు.

నేను దాన్ని ఎక్కువగా విన్నది విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే ప్యాసింజర్ రైల్లో. కృష్ణా కెనాల్ స్టేషన్‌లో రైలు ఆగి మళ్లీ కదిలేలోపు రెండు మూడు పాటలు అయిపోతాయి. మంగళగిరిలో చేనేత చీరల మూటలతో జనం ఎక్కుతుంటారు, నంబూరులో కాలేజీ పిల్లలు దిగుతుంటారు. చెవుల్లో మాత్రం క్వీన్స్‌బ్రిడ్జ్ మెట్లూ లాబీలూ ఉంటాయి. ఇంగ్లీషు యాస సగం అర్థంకాని రోజుల్లో కూడా ఆ చోటు ఎలా ఉంటుందో నాకు తెలుస్తూనే ఉండేది. అదెలా సాధ్యమైందో తర్వాత వెతుక్కుంటూ వెళ్లాను.

‘ఎన్‌వై స్టేట్ ఆఫ్ మైండ్’ తీసుకోండి. ప్రీమియర్ చేసిన బీట్. జో చేంబర్స్ జాజ్ రికార్డులోంచి కత్తిరించిన పియానో ముక్క కింది స్థాయిలో గుండె దడలా తిరుగుతూ ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదని నాస్ మైకులోనే గొణుగుతాడు, ఆ వెంటనే అందుకుంటాడు. ఆ మొదటి చరణం మొత్తం ఒకే టేక్‌లో చెప్పేశాడని ప్రీమియర్ ఎన్నోసార్లు చెప్పాడు. అభిమానులు ఎక్కువగా చెప్పుకునేది ఆ ఊపిరి గురించే. నేను మాత్రం ఆ చరణం నడుమ జరిగే సంగతి దగ్గర ఆగిపోతాను. కాల్పులు జరుగుతుంటాయి. అతని చేతిలో తుపాకీ పేలదు. వెనక్కి లాగి చూస్తే మూడు తూటాలు లోపల ఇరుక్కుని ఉంటాయి. పరుగెత్తుకుంటూ బిల్డింగ్ లాబీలోకి వస్తాడు. అక్కడ నిండా చిన్నపిల్లలు. ఆ మూడు తూటాల లెక్క, ఆ లాబీలో పిల్లలు — ఈ రెండూ లేకపోతే అది ఇంకొక కాల్పుల పాట అయ్యేది. తుపాకీ గురించి గొప్పలు పోయే ర్యాప్ బోలెడంత ఉంది. పేలని తుపాకీని ఒళ్లు చెమటలు పడుతుండగా లాగి చూసిన చెయ్యి మాత్రం అరుదు.

అదే ఆల్బమ్‌లో ‘వన్ లవ్’ జైల్లో ఉన్న స్నేహితులకి రాసిన ఉత్తరాల పాట. చివర్లో ఉత్తరం ఆగిపోయి, ఒక బెంచీ మీద పన్నెండేళ్ల కుర్రాడితో మాటలు మొదలవుతాయి. ఆ కుర్రాడి నవ్వులో కరుకుతనం చూసి నాస్ ఏమీ ఉపన్యాసం ఇవ్వడు. నాలుగు మంచి మాటలు వాడి చెవిన వేసి, బట్టల మీద బూడిద దులుపుకుని లేస్తాడు. దులుపుకోవడం దాకా చెప్పాడు చూడండి, అక్కడ ఆ మనిషి నా పక్కన నిలబడినట్టే ఉంటుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2020 సంవత్సరానికి భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాలో ‘ఇల్‌మాటిక్’ని చేర్చింది. చేర్చకపోయినా నా లెక్క మారదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. గుంటూరు, తెనాలి వైపు పద్యనాటకం చూస్తూ పెరిగినవాళ్లకి పెద్ద వయసు కళాకారుణ్ణి పాత రోజులతో పోల్చడం కొత్తేమీ కాదు. రాయబారం సీను మొదలవగానే ముందు వరసల్లో కూర్చున్న పెద్దలు లెక్క మొదలుపెడతారు. ఫలానా ఏడు ఈయన ఈ పద్యం చివర రాగం ఎంతసేపు లాగాడు, హార్మోనియం ఎన్ని కట్టెలు ఎక్కింది, ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయి అని. ఒకసారి గుంటూరులో డెబ్భై దాటిన ఒక నటుడు కృష్ణుడిగా రావడం చూశాను. పద్యం ఎత్తుకున్నాడు. చివర రాగం తీస్తాడని హార్మోనియం ఆయన సాయపడటానికి సిద్ధంగా ఉన్నాడు. ఈయన తీయలేదు. పద్యాన్ని పదం పదంగా విరిచి, ఎదుట కూర్చున్న దుర్యోధనుడి కళ్లలోకి చూస్తూ, బెదిరింపుని బెదిరింపులా చెప్పాడు. ఆఖరి పాదం దగ్గర గొంతు పెంచకుండా తగ్గించాడు. జనం ఒక్క క్షణం తేరుకోలేదు. తర్వాత వన్స్‌మోర్ పడింది. ఆయన మళ్లీ చెప్పినప్పుడు ఇంకో పదం దగ్గర ఆగాడు.

ఆయన మీద ఎవరూ జాలిపడలేదు. ఊపిరి తగ్గిన మాట నిజం. తగ్గిన ఊపిరితో ఏం చేయొచ్చో ఆయన కనిపెట్టుకున్నాడు. ఆ రోజు నేను చూసిన కృష్ణుడు ముప్పై ఏళ్ల గొంతుకి దొరికేవాడు కాదు. పెద్దాయన కదా అని చప్పట్లు కొట్టి పంపించి ఉంటే ఆయన్ని అవమానించినట్టే అయ్యేది.

విచిత్రం ఏంటంటే, నాస్‌కి ఆ ఊపిరి ఇబ్బంది కూడా లేదు. ‘లైట్ ఇయర్స్’లో గొంతు నిలకడగా ఉంది, పదం మీద పట్టు సడలలేదు, తాళం మీద కూర్చోవడం ఇంకా హాయిగా ఉంది. శరీరం సహకరిస్తోంది. కాబట్టి వయసు వంక ఇక్కడ అసలు పనిచేయదు.

నాస్, ప్రీమియర్ జంట సత్తా తెలియాలంటే 1996 దగ్గర కాసేపు ఆగాలి. ‘ఇట్ వాజ్ రిటెన్’ ఆల్బమ్‌లో ‘ఐ గేవ్ యూ పవర్’ ఉంది. ఆ పాటలో మాట్లాడేది తుపాకీ. చేతులు మారుతూ, చీకట్లో దాగుతూ, తను ఎవరెవరిని చంపిందో తలుచుకుంటూ విసిగిపోయి ఉంటుంది. చివరికి ఒక గొడవలో యజమాని తనని ఎత్తినప్పుడు పేలకూడదని నిర్ణయించుకుని బిగుసుకుపోతుంది. యజమాని చచ్చిపోతాడు. ఇక విముక్తి అనుకుంటుండగా ఇంకెవరో వచ్చి నేల మీద నుంచి ఎత్తుకుంటారు. రెండేళ్ల ముందు ‘ఎన్‌వై స్టేట్ ఆఫ్ మైండ్’లో పేలని తుపాకీని మనిషి చేతిలోంచి చూశాం. ఇక్కడ అదే క్షణాన్ని తుపాకీ లోపలి నుంచి చూస్తాం. నాస్ ఈ రెంటినీ కావాలని కలిపాడో లేదో గానీ, నేను పక్కపక్కన పెట్టి వింటాను. ఒక సంఘటనని ఇంకో వైపు నుంచి చూడాలన్న ఆ ఆరాటం ఉన్నంతకాలం అతని పాత సంగతి పాతబడలేదు.

2001లో ‘స్టిల్‌మాటిక్’లో ‘రివైండ్’ కథని చివరి నుంచి మొదటికి నడిపింది. తూటా వెనక్కి తిరిగి తుపాకీలో దూరుతుంది. అందులోనే ప్రీమియర్ చేసిన ‘సెకండ్ చైల్డ్‌హుడ్’ ఉంది. ముప్పై దాటినా అమ్మ ఇంట్లోనే ఉంటూ, వీధి మూల మీదే కాలం వెళ్లబుచ్చే మగాళ్లూ, పిల్లలు పుట్టినా పెద్దవాళ్లు కాని ఆడవాళ్లూ అందులో కనిపిస్తారు. పేటలో మనకందరికీ తెలిసిన మనుషులే. నాస్ వాళ్లని వెక్కిరించడు, వెనకేసుకురాడు.

నడుమ బలహీనమైన రోజులు లేకపోలేదు. 1999లో ఒకే ఏడాది రెండు ఆల్బమ్‌లు వదిలాడు. రెండోది ‘నాస్ట్రడామస్’ తొందర తొందరగా చుట్టేసినట్టు ఉంటుంది. నాస్‌కి బీట్లు ఎంచుకోవడం రాదన్న నింద చాలాకాలం వెంటాడింది. అందులో కొంత నిజమే. వీటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను ఇక్కడ ఆగి రాయను.

2012 మాత్రం వదలలేను. ‘లైఫ్ ఈజ్ గుడ్’ అట్ట మీద నాస్ తెల్ల సూటులో కూర్చుని ఉంటాడు. ఒళ్లో ఒక ఆకుపచ్చ గౌను. విడాకులు తీసుకుని వెళ్లిపోయిన భార్య పెళ్లినాటి గౌను అది. అప్పటికి అతని వయసు 38. క్వీన్స్‌బ్రిడ్జ్ వదిలి చాలా ఏళ్లయింది. చేతిలో డబ్బుంది. వీధి గురించి కొత్తగా చెప్పడానికి వీధిలో లేడు. ఆ చూపు ఎటు తిప్పాలో అతనికి తెలిసింది. ఇంట్లోకి తిప్పాడు. ‘డాటర్స్’లో కూతురు ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక ఫోటో చూసి తండ్రిగా తల దించుకుంటాడు. ఆడవాళ్లతో తను కుర్రతనంలో ఎలా ఉన్నాడో గుర్తొచ్చి, కూతురికి ఏ ముఖంతో చెప్పాలని సతమతమవుతాడు. హార్డ్‌కోర్ ర్యాపర్ ఇంత మెత్తబడ్డాడేమిటని అప్పట్లో కొందరు అన్నారు. నాకు అది ‘ఐ గేవ్ యూ పవర్’ కన్నా కష్టమైన పాట. తుపాకీ లోపలికి దూరడం కన్నా తన సిగ్గు లోపలికి దూరడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

అందుకే పెద్ద వయసు నాస్‌ని కొలవాలంటే ‘ఇల్‌మాటిక్’తో పాటు ‘లైఫ్ ఈజ్ గుడ్’నీ పక్కన పెట్టుకోవాలి. దాని తర్వాత 2020 నుంచి 2023 దాకా బీట్లు కట్టే హిట్‌బాయ్‌తో చేసిన ఆరు ఆల్బమ్‌లనీ పెట్టుకోవాలి. మూడు ‘కింగ్స్ డిసీజ్’లు, మూడు ‘మేజిక్’లు. మొదటి ‘కింగ్స్ డిసీజ్’కి 2021లో గ్రామీ వచ్చింది, అతనికి అదే మొదటి గ్రామీ. వాటిలో మూడో ‘కింగ్స్ డిసీజ్’ నాకు ఇష్టం. అతిథి గొంతులు లేకుండా మొత్తం తనే చెప్పాడు. ‘బీఫ్’ (ర్యాప్ భాషలో పగ) అనే పాటలో పగ తానే నోరు విప్పి మాట్లాడుతుంది. ఎవరి మధ్య ఎలా చొరబడిందో, ఎవర్ని ఎలా మింగిందో చెబుతుంది. తుపాకీ చేత మాట్లాడించిన ఇరవై రెండేళ్ల కుర్రాడు నలభై తొమ్మిదేళ్లకి పగ చేత మాట్లాడించాడు. ‘ఇల్‌మాటిక్’ తర్వాత ఏమీ లేదనేవాళ్లు ఈ రెండు పాటలూ వరసగా వినాలి.

ఇంత సామాను ముందు పెట్టుకుని ‘లైట్ ఇయర్స్’ విన్నాను. రైల్లో విన్నాను, రాత్రి ఇంట్లో లైట్లు తీసేసి విన్నాను, ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ విన్నాను.

ముందు మంచి సంగతులు. ‘పాజ్ టేప్స్’ ఈ ఆల్బమ్‌కి ప్రాణం. పాత పాటల ముక్కలు పట్టి మళ్లీ మళ్లీ వాయించే యంత్రం, సాంప్లర్, కొనే స్తోమత లేని పిల్లలు ఇంట్లో ఉన్న కేసెట్ డెక్‌తో బీట్లు ఎలా తయారుచేసుకున్నారో ఆ పాట. డ్రమ్ముల ముక్క వచ్చేదాకా టేపు నడిపి, రికార్డు నొక్కి, ముక్క అవగానే పాజ్ నొక్కాలి. అసలు టేపుని వెనక్కి తిప్పి, మళ్లీ అదే చోట సరిగ్గా తాళం తప్పకుండా పాజ్ వదలాలి. అలా పదులసార్లు చేస్తే నాలుగు నిమిషాల బీట్. వేలు ఒక్క వెంట్రుకవాసి ఆలస్యమైతే మొదటికొస్తుంది. విజయవాడలో పాటల లిస్టు కాగితం మీద రాసిచ్చి ఖాళీ కేసెట్లు నింపించుకున్న తరానికి ఆ పాజ్ బటన్ బిగుతు వేలికి గుర్తుంటుంది. పాట వింటుంటే నా బొటనవేలు దానంతటదే కదిలింది. నాస్ అక్కడ ఒక కుర్రాడి చేతిని చూశాడు. బీట్ కూడా ఆ ముక్కల అతుకుల్ని దాచకుండా వినిపిస్తుంది.

ర్యాపర్ ఏజీ (AZ)తో చేసిన ‘మై స్టోరీ యువర్ స్టోరీ’ కూడా నిలుస్తుంది. ‘ఇల్‌మాటిక్’లో చరణం దక్కిన ఒకే ఒక్క అతిథి ఏజీ. అతను చెప్పిన ఆ పాట, ‘లైఫ్స్ ఎ బిచ్’, చివర నాస్ తండ్రి కార్నెట్ అనే ఊదే వాద్యం వాయించాడు. ఇరవయ్యేళ్లకే జీవితం అయిపోయినట్టు మాట్లాడిన ఆ ఇద్దరూ యాభై దాటాక మాట అందిపుచ్చుకుంటుంటే పాత స్నేహం లయలోనే తెలుస్తుంది. ఒకరు ఊపిరి పీల్చే చోటు ఇంకొకరికి తెలుసు.

ఇక మిగతావి. ‘రైటర్స్’ న్యూయార్క్ గోడల మీద, రైలు పెట్టెల మీద రంగులతో పేర్లు రాసిన గ్రాఫిటీ కళాకారులకి నివాళి. పేర్లు వరసగా వస్తాయి. ‘బొకే’ హిప్‌హాప్‌లోని ఆడవాళ్లకి నివాళి. అక్కడా పేర్లు వరసగా వస్తాయి. ‘థర్డ్ చైల్డ్‌హుడ్’ పేరు చూడగానే ‘సెకండ్ చైల్డ్‌హుడ్’కి కొనసాగింపు అని గుండె కొట్టుకుంది. వింటే, వయసొచ్చినా హిప్‌హాప్ కుర్రాడిలానే ఉండటాన్ని వేడుక చేసుకునే పాట. 2001లో ఎదగని మనుషుల్ని అంత సూటిగా చూసినవాడు తన దగ్గరికొచ్చేసరికి ప్రశ్న అడగలేదు. ‘సన్స్’లో కొడుకులకి ఆశీర్వచనం ఉంది. ‘డాటర్స్’లో ఉన్న ఆ ఫోటో లాంటిది, తండ్రిని నిలదీసే సంఘటన లేదు. ‘ఎన్‌వై స్టేట్ ఆఫ్ మైండ్’కి మూడో భాగం చేశారు. ఊరు మొత్తం ఉంది. ఆ లాబీ లేదు.

ప్రీమియర్ సంగతీ చెప్పాలి. పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి, వాటి మీద పాత గొంతుల పదాలు గీకి (రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి), ఆ గీతల్నే పల్లవిగా కట్టడం అతని ముద్ర. 1999లో ‘నాస్ ఈజ్ లైక్’కి నాస్ పాత పాటల్లోని మాటలే గీకి పల్లవి కట్టాడు. ఆ ముద్ర ఇక్కడా ఉంది. చాలాచోట్ల ముద్ర మాత్రమే ఉంది. డ్రమ్ములు గట్టిగా ఉన్నాయి, గీతలు శుభ్రంగా ఉన్నాయి, ఆ దడ లేదు. భయం లేని చరణానికి భయపెట్టే బీట్ ఎలా కడతారన్నది నిజమే. తప్పు ఒక్కడి మీద వేయలేను.

ఈ పేర్ల వరసల్ని సమర్థించే వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. న్యూయార్క్ రవాణా సంస్థ రంగులు వేసిన పెట్టెల్ని కడుగుతూ, పక్కకి తప్పిస్తూ వచ్చి 1989లో తన రైళ్లలో గ్రాఫిటీ లేదని ప్రకటించింది. ఆ కళాకారుల పని చాలావరకు మాయమైంది. పాటలో పేరు చెప్పడమే వాళ్లకి మిగిలిన గుర్తు అనొచ్చు. పైగా 2025 జూన్ నుంచి నాస్ సంస్థ మాస్ అపీల్ పాతతరం వాళ్ల ఆల్బమ్‌లని ఒకదాని వెంట ఒకటి తెచ్చింది. స్లిక్ రిక్, రేక్వాన్, గోస్ట్‌ఫేస్ కిల్లా, మాబ్ డీప్, బిగ్ ఎల్, డి లా సోల్, ఆఖరున ఈ ఆల్బమ్. వీళ్లలో బిగ్ ఎల్ 1999లోనే హత్యకి గురయ్యాడు. మాబ్ డీప్ జంటలో ప్రాడిజీ 2017లో పోయాడు, ఆ జంటలో రెండోవాడు హావక్‌దీ క్వీన్స్‌బ్రిడ్జే. డి లా సోల్‌లో ట్రూగాయ్ 2023లో పోయాడు. చనిపోయినవాళ్ల గొంతులు నెలల తరబడి సర్దుతూ గడిపిన మనిషికి పేర్లు తలుచుకోవాలనిపించడం సహజం. నాకు అర్థమవుతుంది, గౌరవమూ ఉంది.

అయినా ఒప్పుకోను. పేరు తెలిసినవాళ్లకి ఆ వరస పులకరింత. తెలియని నాకు అది హాజరు పట్టీ. వాళ్లలో ఒక్కరిని, రాత్రిపూట రైలు యార్డు కంచె దూకి, చలికి బిగుసుకున్న వేళ్లతో రంగు డబ్బా ఊపుతున్న ఒక్క కుర్రాణ్ణి చూపించి ఉంటే ఆ పేరు నేను చచ్చేదాకా మర్చిపోను. ఇలాంటివి ఎలా చూపించాలో భూమ్మీద నాస్‌కన్నా బాగా తెలిసినవాళ్లు తక్కువ. అందుకే కోపం. మన గుంటూరు దగ్గరి పొన్నెకల్లులో పుట్టిన నాజర్, పల్నాటి యుద్ధం బుర్రకథ చెబుతుంటే కూర్చున్న జనానికి కథ ముందే తెలుసు. ఎవరు చస్తారో తెలుసు, పేర్లన్నీ తెలుసు. అయినా తెల్లారేదాకా కదలలేదంటే, తెలిసిన బాలచంద్రుణ్ణే కొత్తగా కళ్ల ముందుకి తెచ్చాడు కాబట్టి. పేరు వినడానికి ఎవరూ అంతసేపు కూర్చోరు.

ఇది న్యూయార్క్ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకి ఒక సంగతి. గుంటూరులో నాకు తెలిసిన ఒక కుర్రాడు తెలుగులో ర్యాప్ రాస్తాడు. నాస్ అంటే ప్రాణం. ఈ మధ్య కొత్త పాట వినిపించాడు. బ్రాడీపేట, అరండల్‌పేట, లాడ్జి సెంటర్, పట్నంబజారు, నల్లపాడు — ఊరంతా వరసగా వచ్చింది. ప్రాసలు గట్టిగా పడ్డాయి. “ఎలా ఉందన్నా?” అన్నాడు. బావుంది, ఇంకేం రాశావని అడిగాను. మొహమాటంగా ఫోన్‌లో ఇంకో నాలుగు లైన్లు చదివాడు. వాళ్లమ్మ మిర్చికి తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఇంటికొచ్చి చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోయేది కాదు. అందుకే సీజన్ ఉన్నన్నాళ్లూ చెల్లికి అన్నం కలిపి పెట్టేది వాళ్ల నాన్న. అమ్మ పక్కన కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, పాప తినడం చూసేది.

“ఇది పాటలో పెట్టలేదేంరా?” అన్నాను.

“ఇంట్లో సంగతి కదన్నా. హార్డ్‌గా ఉండదేమో అని.”

ఆసియాలోనే పెద్దదని మనం గొప్పగా చెప్పుకునే మిర్చి యార్డు ఉన్న ఊరది. ఆ యార్డు గురించి నేను విన్న మాటలన్నిటిలోకీ హార్డ్ మాట అది. ఊళ్ల పేర్లు వదిలేసి దాని చుట్టూ పాట కట్టమన్నాను. “నాస్ కూడా పేర్లే చెబుతున్నాడు కదన్నా ఇప్పుడు” అన్నాడు. పెద్దవాళ్లకి వయసు రాయితీ ఇస్తే నష్టం ఇక్కడ జరుగుతుంది. వాళ్లు తేలిగ్గా తీసుకున్న పనిని కూడా కుర్రాళ్లు పద్ధతి అనుకుంటారు. మనం ‘లెజెండ్’ అని దండం పెట్టి ఊరుకుంటే, ఏది నేర్చుకోవాలో, ఏది వదిలేయాలో వాళ్లకి చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ఆ సాయంత్రం శంకర్ విలాస్ సెంటర్‌లో టీ తాగుతూ వాడికి చెరో ఇయర్‌ఫోన్‌లో ‘వన్ లవ్’, ‘డాటర్స్’, ‘బీఫ్’, ‘పాజ్ టేప్స్’ వరసగా వినిపించాను. ‘డాటర్స్’ దగ్గర వాడు పాట ఆపి మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

ప్రీమియర్ బీట్ల మీద నాస్ చెప్పిన పాటలతో నాకొక పాత ప్లేలిస్టు ఉంది. ‘ఇల్‌మాటిక్’లోని మూడూ, ‘ఐ గేవ్ యూ పవర్’, ‘నాస్ ఈజ్ లైక్’, ‘సెకండ్ చైల్డ్‌హుడ్’ అందులో ఉన్నాయి. ‘లైట్ ఇయర్స్’ నుంచి ‘పాజ్ టేప్స్’ని ఏ మొహమాటం లేకుండా వాటి పక్కన చేర్చాను. ‘మై స్టోరీ యువర్ స్టోరీ’ని చేర్చాను. ‘థర్డ్ చైల్డ్‌హుడ్’ని ఒకసారి చేర్చి, ‘సెకండ్ చైల్డ్‌హుడ్’ వెంటనే వచ్చేలా పెట్టి విని, తీసేశాను. ‘రైటర్స్’, ‘బొకే’, ‘సన్స్’, న్యూయార్క్ మూడో భాగం బయటే ఉన్నాయి. పంతొమ్మిదేళ్ల ఎదురుచూపుకి రెండు పాటలు. ఇరవయ్యేళ్ల కుర్రాడు ఈ ఆల్బమ్ తెచ్చినా నేను ఇవే రెండు ఉంచుకునేవాణ్ణి.